వెళ్ళవలసిన రోజుకు ముందు : కారాగార స్వీకారంలో వ్యవధిని గురించి ఒక నైతిక విచారణ

జైలు గురించి తెలుగులో మాట్లాడేటప్పుడు క్రియాపదం ఎంపికలోనే ఒక తీర్పు ఇమిడి ఉంటుంది. ఒకరిని జైలులో పెట్టారు అంటాము. ఒకరు జైలు పాలయ్యారు అంటాము. మరొకరు జైలుకు వెళ్ళారు అంటాము. మొదటి వాక్యంలో కర్తృత్వం ప్రభుత్వానిది. రెండవదానిలో మనిషి వ్యాకరణరీత్యా కర్తే అయినా, నీటి పాలు, నిప్పు పాలు అయ్యే వస్తువుల వరుసలో నిలబడతాడు. మూడవదానిలో మాత్రమే నడిచే కాళ్ళున్నాయి. తెనాలి, బాపట్ల, రేపల్లె తాలూకాలలో సహాయ నిరాకరణం నాటి నుంచి క్విట్ ఇండియా దాకా నడిచిన తరాన్ని స్మరించేటప్పుడు పెద్దల నోట వినబడేది ఈ మూడవ క్రియ. ‘ఆయన జైలుకు వెళ్ళినవాడు’ అన్న మాట ఆ ప్రాంతంలో నేరచరిత్ర కాదు, కితాబు.

జాతీయోద్యమ వాఙ్మయం ఈ వెళ్ళడాన్ని విస్తారంగానే వర్ణించింది. ఉపన్యాసం, అరెస్టు, విచారణ, శిక్ష, జైలులోని తిండి, తోటి ఖైదీలు, విడుదలనాటి పూలదండలు స్వీయచరిత్రలలో పుటల కొద్దీ కనబడతాయి. వెళ్ళక తప్పదని తెలిసిన క్షణానికీ, వెళ్ళిన క్షణానికీ నడుమ ఉన్న రోజులకు మాత్రం వాటిలో దక్కిన చోటు స్వల్పం. ఆ రోజులలో మనిషి ఏమి చేయాలి? ఎవరిని అడగాలి? ఎవరికి ఏమి అప్పగించాలి? స్వచ్ఛందంగా కారాగారాన్ని స్వీకరించడంలోని నైతికమైన బరువు జైలు గుమ్మం దగ్గర కంటె ఈ వ్యవధిలోనే ఎక్కువగా ఉన్నదనీ, ఆ వ్యవధి వెళ్ళేవాడి ఒక్కడి సొత్తు కాదనీ ఈ వ్యాసం ప్రతిపాదన.

ఈ వ్యవధి అతి స్పష్టంగా కనబడేది వ్యక్తి సత్యాగ్రహంలో. 1940 అక్టోబరు 17న పౌనారులో వినోబా భావే ప్రారంభించిన ఈ ఉద్యమానికి అంతకుముందు ఉద్యమాలకు అంతగా లేని లక్షణం ఒకటి ఉన్నది. సత్యాగ్రహి కాదలచినవాని పేరు జాబితాకు ఎక్కాలి. ఆ జాబితాకు గాంధీజీ ఆమోదం కావాలి. ఆమోదం వచ్చిన తరువాత తాను ఏ రోజున, ఏ వేళకు, ఏ చోట యుద్ధవ్యతిరేక నినాదం చేయబోతున్నదీ జిల్లా మేజిస్ట్రేటుకు ముందుగా వ్రాసి తెలియజేయాలి. బ్రిటిషువారి యుద్ధానికి మనుషుల రూపంలో గాని డబ్బు రూపంలో గాని తోడ్పడడం తప్పు అన్నది ఆ నినాదం సారం. 1941 మే నడిమికి దేశం మొత్తం మీద శిక్ష పడినవారి సంఖ్య 25,000 దాటింది. మూడు తాలూకాలూ నాడు గుంటూరు జిల్లాలోనివే గనుక రేపల్లె మనిషైనా బాపట్ల మనిషైనా తన నోటీసును గుంటూరుకే పంపుకోవాలి. శుభలేఖకు ఉండవలసిన తేదీ, వేళ, స్థలం అనే మూడు అంగాలూ ఆ కాగితంలో ఉన్నాయి. పిలిచేది మాత్రం పోలీసులను.

ఆ కాగితం టపాలో పడిన తరువాత మనిషి స్థితి చిత్రంగా మారుతుంది. అతడింకా స్వేచ్ఛగానే ఉన్నాడు. ఎవరూ కాపలా లేరు. తెనాలి కూడలి నుంచి ఏ రైలైనా ఎక్కి ఎటైనా పోవచ్చు. నోటీసు ఉపసంహరించుకుంటే నలుగురిలో చులకన కావడం తప్ప చట్టం విధించే కష్టమేదీ లేదు. అయినా అతడు తన మాటకు తానే బందీ. రాజమండ్రి, వెల్లూరు, తిరుచిరాపల్లి, అలీపురం జైళ్ళ గోడలు ఇంకా దూరాన ఉండగానే ఇంట్లో ఒక గోడ లేచింది.

ఆ ఇంటిని కొంచెం ఊహించుకోవడం అవసరం. స్థానిక కార్యకర్తల వంతు వచ్చినది 1941 తొలి నెలలలో. కృష్ణా డెల్టాలో అది వరి కుప్పలు నూర్చే కాలం. వరి కోతకు ముందే చేలో చల్లిన మినుము, పెసర ఎదిగి కాపుకు వచ్చే కాలం. ప్రభుత్వానికి శిస్తు కిస్తులు కట్టవలసిన కాలం కూడా. నెలల తరబడి ఇంట ఉండనని తెలిసిన రైతు పాలేరుకు ఇవ్వవలసిన గింజలు కొలిపించాలి, కౌలు లెక్క తేల్చాలి, గడువు మీరబోతున్న ప్రోనోటు సంగతి చూడాలి. శిక్షతోపాటు జరిమానా పడితే ఏమేమి జప్తుకు పోతాయో అంచనా వేసుకోవాలి. ఎద్దులు ఎవరి దొడ్డిలో ఉండాలి, కాలవ నీళ్ళ వంతు ఎవరు చూడాలి, మాట సాగుతున్న పిల్ల సంబంధం ఆగుతుందా అన్నవి ఆ రోజుల సమస్యలు. వీటిలో ఒక్కటీ వీరోచితం కాదు, వీటిని గురించి ఎవరూ గీతం కట్టలేదు. ఈ పనులన్నీ చివరకు వెళ్ళేవాడి చేతి నుంచి మరొకరి చేతికి మారుతాయి. ఆ మరొకరు చాలా ఇళ్ళలో ఆ నోటీసు మీద సంతకం చేయనివారు.

క్రీటో తన మిత్రుడైన సోక్రటీసును కారాగారంలో కలుసుకొని తప్పించుకుపొమ్మని బతిమాలిన సందర్భం మనకు తెలిసినదే. పాశ్చాత్య తత్త్వశాస్త్రంలో శిక్షకు తలయొగ్గడాన్ని గురించిన చర్చకు ఆ సంభాషణ మూలమైనది. సోక్రటీసుకూ వ్యవధి దొరికింది. ఏథెన్సు నుంచి డెలోసు ద్వీపానికి వెళ్ళిన పవిత్రనౌక తిరిగివచ్చేవరకు మరణశిక్షలు అమలు చేయరాదన్న ఆచారమే దానికి కారణం. క్రీటో వాదాలలో బలమైనది, నా దృష్టిలో, చట్టాన్ని గురించినది కాదు. నీ కొడుకులను పెంచి పెద్దచేయగలిగి ఉండీ వదలిపోతున్నావు, పిల్లలను కననైనా కనకూడదు, కన్న తరువాత వారితో కడదాకా నిలవనైనా నిలవాలి అన్నది ఆ వాదం. సోక్రటీసు చట్టాల నోట పలికించిన సుదీర్ఘ సమాధానంలో ఈ ప్రశ్నకు దక్కినది చిన్న భాగం. మిత్రులు నిజంగా మిత్రులే అయితే నీ పిల్లలను చూసుకోరా అన్నది దాని తాత్పర్యం. వాదంగా అది బలహీనం. కాని విషం తాగవలసిన రోజున సోక్రటీసు చేసిన ఒక పని మాత్రం వాదాలకన్న ఎక్కువ చెబుతుంది. తన శవానికి స్నానం చేయించే శ్రమ స్త్రీలకు లేకుండా ముందుగా తానే స్నానం చేసి వచ్చాడు. వెళ్ళిపోయేవాడి సిద్ధపాటు మిగిలేవారి పనిని ఎంతో కొంత తగ్గించాలన్న ఎరుక ఆ చిన్న చేతలో ఉన్నది.

తెలుగు సాహిత్యంలో ఈ ఎరుకను కేంద్రంగా చేసుకున్న ఘట్టం పదిహేనవ శతాబ్దినాటి అనంతామాత్యుని ‘భోజరాజీయము’లోని గోవ్యాఘ్ర సంవాదం. పాఠ్యపుస్తకాలలోకి ఎక్కి, చిన్నతనాన అందరమూ చదివి, సత్యవాక్పరిపాలనకు దృష్టాంతంగా గుర్తు పెట్టుకొన్న కథ ఇది. పులి చేతికి చిక్కిన ఆవు తన లేగకు పాలిచ్చి వస్తానని సెలవు అడుగుతుంది, ఒట్లు పెట్టుకొంటుంది, ఇంటికి వెళ్ళి పాలిచ్చి, బుద్ధులు చెప్పి, తిరిగి పులి ఎదుటికి వస్తుంది. పులి దానిని తినలేకపోతుంది. మన విమర్శ సాధారణంగా రెండు అంచులనే చూసింది. మొదటి అంచు ఒట్టు, చివరి అంచు తిరిగిరావడం. నడుమ లేగ దగ్గర గడిచిన వేళను నీతిబోధకు కవి కల్పించుకొన్న అవకాశంగా మాత్రమే లెక్కించినట్లు కనబడుతుంది.

నిజానికి కథ మొత్తం ఆ వేళ కోసమే నిర్మితమైనది. ఆవు అడిగినది ప్రాణభిక్ష కాదు, వ్యవధి. ఆ వ్యవధిని అది తన కోసం అడగలేదు. తన మరణానికి తాను సిద్ధపడడానికి ఆవుకు సమయం అక్కరలేదు. పులి ఎదుట నిలబడిన క్షణంలోనే ఆ సిద్ధపాటు పూర్తయింది. సమయం కావలసినది లేగకు. కడుపునిండా ఆ పూట పాలు, ఆ తరువాత పాలు లేని రోజులలో ఎలా మెలగాలో నాలుగు మాటలు. అంటే వెళ్ళవలసినవారి సిద్ధపాటుకు కర్మ స్థానంలో తాను కాక మరొకరు ఉండటం ఈ కథలోని మౌలికమైన ఆలోచన. కన్నడదేశంలో పుణ్యకోటి పాటగా ప్రసిద్ధమైన రూపంలో ఈ అంశం ఇంకొక అడుగు ముందుకు పోయింది. అక్కడ ఆవు తన లేగను మందలోని తోటి ఆవులకు చేతులు పట్టి అప్పగిస్తుంది. అనాథను చేసి పోవడానికీ, అప్పగించి పోవడానికీ ఉన్న భేదం ఆ పాటకు ప్రాణం.

లేగ ఒప్పుకొన్నదా అన్న ప్రశ్న ఇక్కడ తలెత్తకుండా ఉండదు. ఒట్టు పెట్టేటప్పుడు ఆవు లేగను అడగలేదు, అడిగే వీలూ లేదు. పులి దాని దారికి అడ్డంగా వచ్చింది, అది పులిని వెదుక్కుంటూ పోలేదు. వ్యక్తి సత్యాగ్రహి స్థితి ఈ చోట ఆవు స్థితికి భిన్నం. అతడు పులికి ఉత్తరం వ్రాసి తేదీ చెప్పినవాడు. తన ఇష్టం మీద బయలుదేరినవాడికి ఇంటివారిని అడిగే అవకాశం ఉన్నది గనుక అడగవలసిన బాధ్యతా ఉన్నది. రామకథ ఈ భేదాన్ని ఎరుగును. అరణ్యవాసం రాముడు కోరుకొన్నది కాదు. అయినా అయోధ్యాకాండలో ఆయన బయలుదేరే ముందు తన ధనాన్ని పంచిపెట్టడం, సీతతో వాదించి ఓడిపోవడం, లక్ష్మణుడిని తల్లుల కోసం ఉండిపొమ్మనడం, అందుకతడు కౌసల్యకు వేయి గ్రామాల ఆధారం ఉన్నదని గుర్తుచేయడం, ఒక్క రాత్రైనా ఆగమన్న దశరథుని మాటను రాముడు కాదనడం, ఇవన్నీ వివరంగా ఉన్నాయి. వేయి గ్రామాల లెక్క ఆ ఘట్టంలోకి ఊరకే రాలేదు. కొడుకు అడవికి పోతే తల్లి ఏమి తిని బ్రతుకుతుందన్న ప్రశ్న ధర్మవిచారంలో భాగమేనని ఆదికవికి తెలుసు.

గాంధీజీ ఈ ప్రశ్నకు చెప్పిన సమాధానం కఠినమైనది. ఉప్పు సత్యాగ్రహానికి ముందు, 1930 ఫిబ్రవరి 27 నాటి యంగ్ ఇండియాలో సత్యాగ్రహి పాటించవలసిన నియమాలు ప్రకటించినప్పుడు, తన మీద ఆధారపడినవారికి పోషణ ఏర్పాటు జరుగుతుందని సత్యాగ్రహి ఆశించరాదనీ, వారిని దేవుడికి అప్పగించి రావాలనీ ఆయన నిర్దేశించాడు. మామూలు యుద్ధానికి పోయే లక్షలాది సైనికులకే అటువంటి ముందస్తు ఏర్పాటు ఉండనప్పుడు సత్యాగ్రహికి ఎలా ఉంటుందన్నది ఆయన తర్కం.

ఈ నియమానికి అనుకూలంగా చెప్పదగినది లేకపోలేదు. ఏర్పాటు ఉంటేనే రావాలంటే ఆస్తి ఉన్నవాడే సత్యాగ్రహి కాగలడు. పోషణ నిధి ఒకటి ఏర్పడితే దానికోసమే వచ్చేవారు తయారవుతారు. దేవుడి మీద భారం వేయడమనే మాటలో పేదవాడికీ, ధనవంతుడికీ ఒకే గుమ్మం తెరిచే ఉద్దేశం ఉన్నది. కాని ఆ గుమ్మం ముందు నిలబడిన ఇద్దరి వెనుకా ఒకే ఇల్లు లేదు. తెనాలి తాలూకాలో మాగాణి ఉన్న రైతు దేవుడికి అప్పగించిన కుటుంబాన్ని మధ్యలో కౌలుదారు పంపే ధాన్యం కూడా చూస్తుంది. కూలి చేసుకొనేవాడి కుటుంబాన్ని నిజంగా దేవుడే చూడాలి. నియమం ఇద్దరికీ సమానంగా వ్రాయబడింది, అమలైనప్పుడు అసమానమైంది. సైనికుడితో పోలికా పూర్తిగా నిలవదు. సైనికుడికి జీతం ఉంటుంది, అతడు యుద్ధానికి పోవడం చాలాసార్లు అతడి ఎంపికే కాదు. సత్యాగ్రహి గొప్పతనమంతా అతడి ఎంపికలో ఉన్నదంటూనే, దాని ఫలితాలకు వచ్చేసరికి ఎంపికలేని సైనికుడిని దృష్టాంతంగా తేవడం తర్కదోషం.

గాంధీజీకి ఇది తెలియదనడం సాహసమవుతుంది. దక్షిణాఫ్రికా సత్యాగ్రహ చరిత్రలో ఆయనే చెప్పిన సంఘటన ఒకటి ఇందుకు సాక్ష్యం. 1913లో స్త్రీలను జైలుకు పంపవలసి వచ్చినప్పుడు కస్తూరిబాయిని అడగడానికి ఆయన సంకోచించాడు. భర్త అడిగితే కాదనలేక ఒప్పుకొంటుంది, అటువంటి ఒప్పుకోలుకు విలువ ఎంత అన్నది ఆయన శంక. ఇతరులతో సాగుతున్న ఆ సంభాషణ చెవిన పడి ఆమె తనంతట తానే ముందుకు వచ్చింది, నాకెందుకు చెప్పలేదని నిలదీసింది, మూడు నెలల శిక్ష అనుభవించింది. అధికారం ఉన్నచోట సమ్మతి శుద్ధమైనది కాకపోవచ్చునన్న సూక్ష్మమైన గుర్తింపు ఆ సంకోచంలో ఉన్నది. చిత్రమేమంటే, భార్య జైలుకు పోవలసి వచ్చినప్పుడు తలెత్తిన ఈ శంక, భర్త జైలుకు పోయి భార్య ఇంటి దగ్గర మిగిలిపోయే సందర్భానికి నియమాల రూపంలో విస్తరించలేదు. మిగిలిపోవడం కూడా ఒక శిక్షాకాలమే. దాని సమ్మతిని ఎవరు పుచ్చుకొన్నారు?

గాంధీజీ ఆత్మకథను పద్యంగా చెప్పిన తుమ్మల సీతారామమూర్తి రేపల్లె తాలూకా కావూరులో పుట్టి, బాపట్ల దగ్గరి అప్పికట్లలో ఉపాధ్యాయుడుగా ఉన్నవాడు. ఆ కావూరులోనే వినయాశ్రమం వెలసింది. సత్యాగ్రహి ఆదర్శం ఈ నేలకు పరాయి సిద్ధాంతంగా కాక పద్యంగా, రాట్నంగా, ఇరుగుపొరుగు మనిషిగా చేరిందని చెప్పడానికి ఇంతకన్న ఆధారం అక్కరలేదు. అంత దగ్గరగా వచ్చిన ఆదర్శం ముందు ఇంటి ఇల్లాలు కాదనగలిగిందా అన్నది కస్తూరిబాయి విషయంలో గాంధీజీ వేసుకొన్న ప్రశ్నే. గుంటూరులో శారదానికేతనం వంటి విద్యాలయాన్ని నడుపుతూ జైలుకు వెళ్ళిన ఉన్నవ లక్ష్మీబాయమ్మ వంటివారు స్వయంగా వెళ్ళినవారి వరుసలోనివారు. ఆమె వెనుక మిగిలినది ఇల్లొకటే కాదు, ఆడపిల్లల బడి కూడా. వెళ్ళినవారు స్త్రీలైనప్పుడు ఇల్లూ బడీ ఏమయ్యాయన్న ప్రశ్న సహజంగానే వస్తుంది. వెళ్ళినవారు పురుషులైనప్పుడు మనం ఆ ప్రశ్న వేయడం మరచిపోతాము.

కుటుంబాన్ని వెనుక వదలని ఉదాహరణ ఒకటి నాటి బాపట్ల తాలూకాలోనే ఉన్నది. 1921లో చీరాల–పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్నును నిరాకరించి, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య నాయకత్వాన ఇల్లూ వాకిలీ విడిచి ఊరిబయట పాకలు వేసుకొని సుమారు పదకొండు నెలలు గడిపారు. పన్ను కట్టక జైలుకు పోయినవారిలో ఒక స్త్రీ కూడా ఉన్నది. కాని ఊరు విడవడమనే పద్ధతిలో పిల్లలు, ముసలివారు, మగ్గాలు, మేకలు కలిసే కదిలాయి. కష్టాన్ని ఎంచుకొన్నవారూ, అనుభవించినవారూ దాదాపు ఒకరే అయినారు. దుగ్గిరాలకు ఏడాది శిక్ష పడి ఆయన జైలుకు పోయిన తరువాత ఆ ప్రయత్నం నిలవలేదు. రాజకీయంగా అది ఓటమి. నైతికంగా చూస్తే మాత్రం, ఒకరి త్యాగానికి మరొకరు మూల్యం చెల్లించే సమస్య అక్కడ తక్కువగా ఉన్నది.

ఈ చర్చలో ఒక పక్కదారి తొక్కక తప్పదు. జైలుకు సిద్ధపడి వెళ్ళడం వల్ల ఋజువయ్యేది ఏమిటి? తెనాలి ఈ ప్రశ్నకు తగిన ఊరు. వ్యక్తి సత్యాగ్రహులు యుద్ధానికి తోడ్పడడం తప్పని జైళ్ళకు పోతున్న రోజులలోనే, 1940 డిసెంబరులో, ఎం.ఎన్. రాయ్ రాడికల్ డెమొక్రటిక్ పార్టీని స్థాపించాడు. ఫాసిజం మీద జరిగే యుద్ధానికి అడ్డుపడడమే తప్పన్నది ఆయన వాదం. ఆంధ్రలో ఆ పార్టీకి కార్యదర్శిగా పనిచేసిన త్రిపురనేని గోపీచంద్, ఆ భావధారలోని తెనాలి న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి ఈ మట్టిలో మెలగినవారే. జైలుకు వెళ్ళినవారు నిజాయితీపరులు కావడం చేత రాయ్ వాదం తప్పు కాదు, రాయ్ వాదులు జైలుకు పోకపోవడం చేత పిరికివారూ కారు. ఒకడు తన మాటకు ఎంత వెల ఇవ్వడానికి సిద్ధమో జైలు చెబుతుంది. ఆ మాట సత్యమా కాదా అన్నది జైలుకు బయట తేలవలసిన సంగతి. అందుకే ఆ వెల ఎవరి సంచిలో నుంచి వస్తున్నదన్న విచారణ మరింత ముఖ్యమవుతుంది. వెల ఒక్కటే ఋజువైన చోట, ఇతరుల సొమ్ముతో చెల్లించిన వెల ఋజువును పలచన చేస్తుంది.

ఇంతవరకు చెప్పినదంతా వ్యవధి దొరికినవారి సంగతి. వ్యవధి దొరకడమే ఒక అంతస్తు అని గుర్తించినవాడు ఉన్నవ లక్ష్మీనారాయణ. పల్నాటి సత్యాగ్రహ సందర్భంలో శిక్షపడి వెల్లూరు జైలులో ఉండగా 1922లో ఆయన ‘మాలపల్లి’ని రచించాడు. తాను జైలుకు వెళ్ళినవాడై ఉండీ, నవలలో జైలు పాలయినవారి కథ వ్రాయడం ఆయన చేసిన గొప్ప పని. రామదాసు కుటుంబానికి ఎవరూ తేదీ చెప్పరు. లెక్కలు తేల్చుకొనే సమయం, అప్పగించడానికి మంద, అప్పగించదగిన ఆస్తి వారికి లేవు. జైలు వారి గుడిసెలోకే నడిచి వస్తుంది. జైలు గోడల నడుమ కూర్చొని తన త్యాగాన్ని గురించి వ్రాసుకోవలసిన చోట వారిని గురించి వ్రాసిన ఆ చూపు, మన స్వీయచరిత్రకారులలో చాలామందికి లేదనే చెప్పాలి.

ఆ నవలలో వచ్చే సెటిల్మెంటు కూడా ఈ ప్రాంతానికి దూరపు సంగతి కాదు. బాపట్లకు దగ్గరలోనే, ఇరవయ్యవ శతాబ్ది రెండవ దశకంలో, సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో స్టువర్టుపురం ఏర్పడింది. క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద నమోదైన ఎరుకల కుటుంబాలను అక్కడ ఉంచారు. నేరం ఋజువు కానక్కరలేదు, శిక్ష పడనక్కరలేదు. పుట్టుకే చాలు. హాజరు వేయించుకోవాలి, అనుమతి చీటీ లేనిదే ఊరు దాటరాదు. 1952లో ఆ చట్టం దేశమంతటా రద్దయ్యేవరకు ఇటువంటి సమూహాల మీద ఆ ముద్ర చట్టబద్ధంగా నిలిచింది. ఒకవైపు బాపట్ల నుంచి తన ఇష్టం మీద తేదీ వేసుకొని జైలుకు బయలుదేరిన మనిషి, ఆ పక్కనే ఏ తేదీ లేకుండా రోజూ ఏలికకు కనబడి రావలసిన మనిషి, ఇద్దరూ ఒకే రైలు మార్గం వెంట బ్రతికారు. మొదటివాడి గమనాన్ని మన సాహిత్యం ‘వెళ్ళడం’ అన్నది. రెండవవాడు హాజరుకు నడిచిన నడకకు ఏ క్రియను వాడాలో మనం ఇంకా నిర్ణయించుకోలేదు.

జైలు లోపల కూడా ఇదే మెట్ల వరుస. 1930 నుంచి రాజకీయ ఖైదీలనూ తక్కిన ఖైదీలనూ ఎ, బి, సి తరగతులుగా విడదీయడంలో చదువు, సాంఘిక హోదా, అలవాటైన జీవన ప్రమాణం లెక్కలోకి వచ్చాయి. దాని వల్ల ఇంటి దగ్గర జరిగే సిద్ధపాటే మారిపోతుంది. పుస్తకాలు ఏవి పట్టుకుపోవాలని ఒకరు ఆలోచిస్తే, మోటుపనికి ఒళ్ళు తట్టుకొంటుందా అని మరొకరు ఆలోచించాలి. సత్యాగ్రహ నియమాలు మాత్రం తనకూ సాధారణ ఖైదీకీ భేదం పాటించవద్దనే చెప్పాయి.

వ్యవధి అసలే లేనివారు ఇంకొందరు. 1942 ఆగస్టు 12న తెనాలి రైలు స్టేషను దగ్గర జరిగిన కాల్పులలో ఏడుగురు ప్రాణాలు విడిచారు. ఊరి నడుమ రణరంగ చౌక్ వారి స్మారకం. ఆ ఉదయం వారిలో ఎవరైనా ఎవరికైనా ఏదైనా అప్పగించి వచ్చి ఉంటారని అనుకోవడానికి వీలు లేదు. త్యాగం చేయాలనుకొని వచ్చినవారా, త్యాగం వచ్చి మీద పడినవారా అన్న ప్రశ్నే అక్కడ అర్థరహితం. స్వాతంత్ర్యానంతరం ప్రభుత్వం త్యాగాన్ని కొలవవలసి వచ్చినప్పుడు 1972 నాటి పింఛను పథకంలో సాధారణంగా ఆరునెలల జైలును కొలమానం చేసుకొన్నది. లెక్కకు అందేది అదే గనుక తప్పు పట్టలేము. మిగిలిపోయినవారు ఇంట అనుభవించిన నెలలకు పత్రం ఇచ్చే జైలరు లేడు. పింఛను వితంతువుకు సంక్రమించడంలో ఆ బాకీ కొంత తీరిందనుకోవచ్చునేమో గాని, అది ఆమెకు భర్త ఖాతాలో నుంచి వచ్చినదే.

స్వచ్ఛందంగా కారాగారాన్ని ఎదుర్కోవడం స్వాతంత్ర్యోద్యమంతో ముగిసిపోయిన విషయం కాదు. శిక్షపడిన వ్యక్తి అప్పీలు చేసుకొనే వ్యవధిలో శిక్ష అమలును నిలిపి జామీను ఇచ్చే పద్ధతి, పూర్వపు క్రిమినల్ ప్రొసీజర్ కోడు 389వ సెక్షనులోను, 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 430వ సెక్షనులోను ఉన్నది. అప్పీలు వీగిపోతే అతడు నిర్ణీత గడువులో లొంగిపోవాలి. ఇప్పుడు తెనాలి గుంటూరు జిల్లాలోను, బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలోను ఉన్నాయి. ఈ ఊళ్ళ కోర్టు వరండాలలో అటువంటి గడువు చేతబట్టుకొని నిలబడిన మనిషి కనబడడం వింత కాదు. అతడు సత్యాగ్రహి కాడు. చెక్కు చెల్లని కేసో, చేను గట్టు తగాదాలో తగిలిన దెబ్బో అతడి నేరం. అతడి వెంట ఊరేగింపు రాదు.

అయినా వ్యవధిని గురించి ఇంతదాకా చేసిన విచారణ అతడికీ వర్తిస్తుంది, ఒక విషయంలో మరింత గట్టిగా వర్తిస్తుంది. అతడి మాటకు పూచీకత్తుగా మరో ఇద్దరు నిలబడి ఉన్నారు. తమ ఇంటి పన్ను రసీదో, పొలం పాసుపుస్తకమో కోర్టు ముందు పెట్టినవారు వాళ్ళు. అతడు రాకపోతే పోయేది వాళ్ళ సొమ్ము. ఆవు పులి ముందు ఒట్టు పెట్టినప్పుడు ఏ తోటి ఆవూ జామీను పడలేదు. నేటి చట్టం అప్పగింతను వ్రాతపూర్వకం చేసింది, ఇతరుల భాగస్వామ్యాన్ని గుర్తించింది, వారి సంతకం తీసుకొన్నది. సత్యాగ్రహ నియమావళి అడగని సంతకం ఇది. అయితే ఇక్కడా ఆ సంతకం చేసేవారు ఆస్తి ఉన్నవారు. కడుపు మాడబోయే పిల్లలను, ఇంటిని ఈడ్చుకురావలసిన ఇల్లాలిని ఏ కోర్టూ పూచీదారుగా పిలవలేదు.

నేరం చేసినవాడికి సిద్ధపడే హక్కు ఉన్నదా అని అడగవచ్చు. అతడి చేత నష్టపోయినవారికి ఆ వ్యవధి దొరకలేదు గదా అన్నది బలమైన ఆక్షేపణే. కాని వ్యవధి అతడి హక్కుగా కన్న అతడి మీద ఆధారపడినవారి హక్కుగా చూస్తే ఆ ఆక్షేపణ సగం సడలిపోతుంది. లేగ తప్పు చేయలేదు. పాలు తాగే పూట లేగది.

పెరోలు మీద ఇంటికి వచ్చిన ఖైదీ కథ గోవ్యాఘ్ర సంవాదానికి అన్నిటికన్న దగ్గరిది. చెల్లెలి పెళ్ళికో, తల్లి కర్మకో కొద్ది రోజులు సెలవు దొరికి అతడు ఊరికి వస్తాడు. పందిరి కింద తిరుగుతూనే రోజులు లెక్కపెట్టుకొంటాడు. కొట్టిన కప్పు బాగుచేయించి, బడిలో పిల్లవాడి సంగతి కనుక్కొని, ఎవరితోనో అప్పు మాట్లాడి, గడువు రోజు సాయంత్రానికి జైలు తలుపు దగ్గరకు చేరుతాడు. అక్కడ పులి మనసు మారదు. రిజిస్టరులో వేళ వ్రాసి, వేలిముద్ర వేయించుకొని లోపలికి పంపుతారు. మళ్ళీ సెలవు అడగదలచుకొంటే ఆ రిజిస్టరులోని వేళే అతడికి పనికివచ్చే సాక్ష్యం.